ఫ్రోజెన్ రొయ్యల సంచి: రుచికి నాలుగు, జవాబుకు ఒకటి

న్యూజెర్సీలో మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న ఒక పెద్ద సూపర్ మార్కెట్‌లో, ఆ దుకాణం తన సొంత పేరుతో అమ్మే ఫ్రోజెన్ రొయ్యల సంచిని ఏడాదిన్నరగా కొంటున్నాను. ఈ సమీక్ష ఆ సరుకు గురించీ, దాని విషయమై నేను అడిగిన ఒక ప్రశ్నకు ఆ సంస్థ ఇచ్చిన జవాబు గురించీ. సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి సంచీ, ఇలాంటి జవాబూ మరికొన్ని చోట్లా దొరుకుతాయనే నా నమ్మకం. ఒక్కరినే వేలెత్తి చూపితే మిగిలినవారి దగ్గర అంతా బాగుందని చదివేవారు అనుకునే ప్రమాదం ఉంది.

ముందు సరుకు సంగతి. సంచి బరువు రెండు పౌండ్లు, అంటే 907 గ్రాములు, ధర 17.99 డాలర్లు. తల తీసి, పొట్టు ఒలిచి, వీపు మీది నల్లనరం లాగేసి, తోక మాత్రం ఉంచిన పచ్చి రొయ్యలు. సంచి మీద 26/30 అని ఉంటుంది. పౌండుకు 26 నుంచి 30 రొయ్యలు తూగుతాయని దాని అర్థం. మన చెరువుల దగ్గర కౌంట్ అంటే తలతో సహా కిలోకు ఎన్ని రొయ్యలన్న లెక్క కాబట్టి, తలా పొట్టూ పోయే బరువును కలిపి చూస్తే ఇది మన ముప్పై, నలభై కౌంట్ల మధ్య సరుకు. ఒక సంచి విప్పి లెక్కపెట్టాను, 57 వచ్చాయి. తూకంలో మోసం లేదు, సైజులో తేడాలు లేవు, 57లో రెండింటికి మాత్రమే నరం పూర్తిగా పోలేదు.

వంటలోనూ ఫిర్యాదు చేయవలసినంత లోపం లేదు. రాత్రి ఫ్రిజ్‌లో కింది అరలోకి మారిస్తే తెల్లారేసరికి మంచు విడిపోతుంది, వాసన శుభ్రంగా ఉంటుంది. అయితే పదార్థాల పట్టికలో రొయ్యలు, ఉప్పుతో పాటు తేమ నిలవడానికి సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ కలిపినట్టు రాసి ఉంటుంది కాబట్టి, బాణలిలో పడగానే గిన్నెడు నీళ్లు వదులుతాయి. ఇగురు చేయదలచినవారు ముందు పసుపూ ఉప్పూ వేసి ఆ నీరంతా ఇంకిపోనిచ్చి, ఆ తరువాతే ఉల్లిపాయల వేపులో కలపాలి. చింతచిగురు రొయ్యలకూ, గోంగూర రొయ్యలకూ బాగా నప్పుతాయి. ఉట్టి వేపుడుకు కాస్త తక్కువ, ఎందుకంటే చెరువు గట్టున పట్టుబడి రోజునే వండుకున్న రొయ్యకుండే తీపి వీటికి లేదు. ఆ తీపి ఎరిగినదానిని గనుక ఒక మార్కు తగ్గించాను. రుచికి ఐదుకు నాలుగు.

ఇప్పుడు సంచి మీది రాత. 2005 నుంచి అమెరికా సూపర్ మార్కెట్లలో చిల్లరగా అమ్మే చేపలూ రొయ్యలూ ఏ దేశానివో, సముద్రంలో పట్టినవో చెరువులో పెంచినవో కొనేవారికి తెలపాలన్న నిబంధన ఉంది. ఈ సంచి మీద ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’ అనీ ‘ఫార్మ్ రెయిజ్డ్’ అనీ స్పష్టంగా ఉంది. అదే రొయ్యను వండి గానీ పిండిపూత పూసి గానీ అమ్మితే, లేదా హోటల్లో వడ్డిస్తే, ఈ నిబంధన వర్తించదన్నది చాలామందికి తెలియని సంగతి. పక్కనే ‘బెస్ట్ ఆక్వాకల్చర్ ప్రాక్టీసెస్’ ముద్ర, దాని కింద నాలుగు నక్షత్రాలు. గ్లోబల్ సీఫుడ్ అలయెన్స్ నడిపే ఈ ధ్రువీకరణలో నాలుగు నక్షత్రాలంటే పిల్ల పుట్టిన హేచరీ, మేత తయారైన మిల్లు, రొయ్య పెరిగిన చెరువు, శుద్ధి చేసిన ప్లాంటు, నాలుగూ తనిఖీ అయ్యాయని. రొయ్య పుట్టిన చోటు నుంచి గడ్డకట్టిన చోటు దాకా కథంతా ఆ నాలుగు నక్షత్రాల్లో ఉంది. ఆ ప్రమాణాల్లో వేతనాల గురించీ, బాలకార్మికుల నిషేధం గురించీ కూడా నిబంధనలున్నాయి. కానీ తల తీసిందెవరు, పొట్టు ఒలిచిందెవరు, కిలోకు వారికి ఎంత ముట్టింది అన్నది సంచి మీద ఎక్కడా లేదు.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మాది పశ్చిమగోదావరి. మా పిన్ని భీమవరం చుట్టుపక్కల ఒక ప్లాంటులో తొమ్మిదేళ్లు రొయ్యలు ఒలిచింది. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా ఊరి చివరికి కంపెనీ బస్సు వచ్చేది. స్టీలు బల్లకు రెండు పక్కలా ఆడవాళ్లు వరుసగా నిలబడతారు. మధ్యలో ఐసుతో కలిపి రొయ్యలు కుమ్మరిస్తారు. ఎడమ చేత్తో నడుము పట్టుకుని, కుడి బొటనవేలితో తల విరిచి, కాళ్ల వైపు నుంచి పొట్టును ఒక్క చుట్టులో లాగి, వీపు మీద కత్తి మొనతో గీసి నరం తీయాలి. చేయి తిరిగినవారికి ఇదంతా కొన్ని క్షణాల పని. గ్లవ్స్ ఇస్తారు, కానీ వాటితో పొట్టు పట్టు దొరకదు, చేయి నెమ్మదిస్తుంది, చేయి నెమ్మదిస్తే కిలో లెక్కన వచ్చే కూలి పడిపోతుంది. అందుకని చాలామంది బొటనవేలు, చూపుడువేలు దగ్గర గ్లవ్‌ను కోసేసుకునేవారట. రొయ్య నుదుటి మీది రంపపు ముల్లు గుచ్చుకునేది సరిగ్గా ఆ రెండు వేళ్లకే. నేను సెలవులకు వెళ్లినప్పుడు పిన్ని చెంచాతో అన్నం కలుపుకోవడం చూసి ఆశ్చర్యపోయాను. ఆవకాయ కారం వేళ్ల పగుళ్లలోకి దిగి మండుతుందని అప్పుడు చెప్పింది.

పిన్ని కంపెనీ మనిషి కాదు, కాంట్రాక్టరు మనిషి. హాజరు రాసే మస్టరు కాంట్రాక్టరుది, తూకం కంపెనీది, వాటి మధ్య తేడా వస్తే అడిగే చోటు లేదు. ఒడిశా నుంచి వచ్చిన అమ్మాయిలు ప్లాంటు ఆవరణలోని హాస్టల్లోనే ఉండేవారని, గేటు దాటాలంటే వారికి చీటీ కావాలని చెప్పేది. తనిఖీకి ఎవరో వస్తున్నారన్న కబురు వారం ముందే అందేది. ఆ రోజు అందరికీ కొత్త గ్లవ్స్, మరుగుదొడ్లలో సబ్బులు, కాంట్రాక్టు వాళ్లలో సగం మందికి సెలవు. ఉన్నవాళ్లు ఎవరైనా అడిగితే ‘ఎనిమిది గంటలే’ అని చెప్పాలి. ఆ ప్లాంటు సరుకే నా సంచిలోకి వస్తోందని నేను అనడం లేదు. వస్తోందో లేదో తెలుసుకునే దారి కొనేవారికి లేదన్నదే నా ఫిర్యాదు.

ఇది ఒక్క ఇంటి అనుభవమని కొట్టిపారేయడానికి వీల్లేదు. 2024 మార్చిలో చికాగోకు చెందిన కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే మానవ హక్కుల సంస్థ, ఆంధ్రప్రదేశ్ రొయ్యల రంగంలో బలవంతపు చాకిరీ, ప్రమాదకరమైన పని పరిస్థితులు ఉన్నాయంటూ నివేదిక ఇచ్చింది. దాదాపు అదే సమయంలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ విలేకరులు కూడా ఒలిచే షెడ్ల గురించి రాశారు. కేంద్ర ప్రభుత్వం ఆ ఆరోపణలను తోసిపుచ్చింది. ఎగుమతి ప్లాంట్లన్నీ పక్కాగా నమోదై, తనిఖీలో ఉన్నాయన్నా కూడా, పని ఎక్కువై ప్లాంటు నుంచి బయటి షెడ్డుకు పంపిన రొయ్య ఆ తనిఖీలో ఉన్నట్టా, లేనట్టా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. 2015లో థాయ్‌లాండ్‌లోని సముత్ సఖోన్ షెడ్లలో వలస కూలీలను నిర్బంధించి రొయ్యలు ఒలిపిస్తున్న సంగతి అదే వార్తాసంస్థ బయటపెట్టాక, అక్కడి పెద్ద ఎగుమతిదారులు బయటి షెడ్లను వదిలేసి పని మొత్తం తమ ప్లాంట్లలోకే తెచ్చుకుంటామని ప్రకటించవలసి వచ్చింది. అంటే ఒలిచే చోటును లెక్కలోకి తేవడం అసాధ్యమేమీ కాదు. ప్లాంటులోపల ఉంటే సరిపోతుందని కూడా అనను. 2017 మార్చి 30న మా జిల్లాలోని మొగల్తూరు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేస్తూ విషవాయువు సోకి ఐదుగురు కూలీలు చనిపోయారు. అప్పటికే భీమవరం దగ్గరి తుందుర్రు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, చేపలూ రొయ్యలూ శుద్ధి చేసే ఆక్వా ఫుడ్ పార్కు వద్దని పోరాడుతున్నారు కాబట్టి ఆ వార్త మా వైపు ప్రతి ఇంట్లోనూ చర్చకు వచ్చింది. అమెరికాలో సంచి కొనేవారెవరికీ అది చేరలేదు.

అందుకని గత శీతాకాలంలో సంచి వెనక ఉన్న చిరునామాకు ఉత్తరం రాశాను. సరుకు ఏ విడతదో తెలిపే లాట్ నంబరు ఇచ్చి, ఈ సరుకు ఏ ప్లాంటులో ఒలిచారు, ఒలిచినవారు కంపెనీ ఉద్యోగులా కాంట్రాక్టు కూలీలా, తనిఖీ ముందే చెప్పి చేశారా చెప్పకుండా చేశారా అని మూడు ప్రశ్నలు అడిగాను. పదకొండు రోజులకు జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. సరఫరాదారులందరూ తమ ప్రవర్తనా నియమావళిపై సంతకం చేశారని, మానవ హక్కులంటే తమకు ఎంతో పట్టింపని, సరఫరాదారుల పేర్లు వ్యాపార రహస్యం గనుక వెల్లడించలేమని రాశారు. చివర్లో తదుపరి కొనుగోలుకు రెండు డాలర్ల కూపన్ జతచేశారు. మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. ఆ కూపన్ నాకు నిజంగా బాధ కలిగించింది. నా ప్రశ్న ధర గురించి కాదు.

పేర్లు రహస్యమన్న మాటను నేను ఒప్పుకోను. ఎన్నో పెద్ద బట్టల కంపెనీలు, 2013లో ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా కార్మికులు చనిపోయిన తరువాత, తమకు బట్టలు కుట్టే ఫ్యాక్టరీల పేర్లూ చిరునామాలూ ప్రకటించడం మొదలుపెట్టాయి. వాటి వ్యాపారం ఆగిపోలేదు. చొక్కాకు సాధ్యమైనది రొయ్యకు ఎందుకు సాధ్యం కాదు? పైగా ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. 2011లో ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి ఆమోదించిన మార్గదర్శక సూత్రాల ప్రకారం, తన సరఫరా గొలుసులో ఎవరి హక్కులకు హాని జరుగుతోందో వెతికి తెలుసుకోవలసిన బాధ్యత కంపెనీదే. సంతకం చేయించుకుని చేతులు దులుపుకుంటే ఆ బాధ్యత తీరదు. బలవంతపు చాకిరీతో తయారైన సరుకును దేశంలోకి రానివ్వకూడదని అమెరికా 1930 నాటి సుంకాల చట్టమే చెబుతోంది. ఇక కూలీలు తమంతట తాము సంఘం పెట్టుకుని అడగవచ్చు కదా అనేవారికి ఒక మాట: సంఘం పెట్టుకునే హక్కుకూ, సమష్టి బేరానికీ సంబంధించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒడంబడికలను భారతదేశం ఇప్పటికీ ఆమోదించలేదు. గేటు దాటడానికి చీటీ అడగవలసిన పిల్ల యాజమాన్యాన్ని నిలదీస్తుందని ఆశించడం న్యాయం కాదు.

కొనే సంస్థ ధరను ఎలా నొక్కుతుందన్నది కూడా ఇందులో భాగమే. 2025 ఆగస్టు 27 నుంచి చాలా భారత సరుకులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, మా ఊళ్లో ఎవరిని పలకరించినా అదే మాట. ఎగుమతిదారు రైతుకిచ్చే రేటు తగ్గించాడు, కొందరు రైతులు చెరువులు ఎండగట్టారు, ప్లాంటులో పనిదినాలు తగ్గాయి. పైనుంచి జారిన బరువు చివరికి ఐసులో చేతులు పెట్టేవారి మీదే పడుతుంది, ఎందుకంటే వారి కింద మరొకరు లేరు.

మరి కొనడం మానేయాలా? నేను మొదట మానేద్దామనే అనుకుని, ఆ మాట ఫోనులో పిన్నితో అన్నాను. ‘నువ్వు మానేస్తే మాకేం ఒరుగుతుందమ్మాయ్, బస్సు రావడం మానేస్తుందంతే. గ్లవ్స్ బాగుండాలి, తూకం మా కళ్లెదురుగా వెయ్యాలి, పీఎఫ్ కట్టాలి. ఆ మూడూ అడుగు’ అంది. ఆమె పని మానేసి రెండేళ్లయినా ఇంకా ‘మాకు’ అనే అంటుంది. ఆమె మాట ప్రకారం కొంటూనే ఉన్నాను, అడుగుతూనే ఉన్నాను. బహిష్కరణ పిలుపులు ఇచ్చేవారి కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆ పిలుపు ఇచ్చే ముందు ఒలిచేవారిని అడిగినవారు తక్కువ.

అందువల్ల జవాబుదారీతనానికి ఐదుకు ఒకటి ఇస్తున్నాను. ఆ ఒక్కటీ ఉత్తరానికి అసలు బదులిచ్చినందుకు, దేశం పేరును సంచి ముందు భాగంలోనే పెద్ద అక్షరాల్లో వేసినందుకు. ప్లాంటు పేరు ప్రకటిస్తే రెండు చేస్తాను. ముందు చెప్పకుండా తనిఖీ చేయించి, కూలీలతో యాజమాన్యం లేని చోట, వారి భాషలో మాట్లాడించి, ఆ ఫలితాన్ని బయటపెడితే నాలుగు. గ్లవ్స్ నాసిరకం కావడం, కూలి కిలో లెక్కన ఉండడం వల్లే వేళ్లు తెగుతున్నాయని గుర్తించి, దానికి తగ్గట్టు తాము కొనే ధర సవరిస్తే ఐదుకు ఐదూ ఇస్తాను.

పిన్ని చెప్పిన మూడింటినీ చేర్చి రెండో ఉత్తరం పంపి తొమ్మిది వారాలైంది. కూపన్‌ను కూడా ఆ కవరులోనే పెట్టి తిప్పి పంపాను. లాట్ నంబరున్న సంచి అంచును కత్తిరించి ఉత్తరం నకలుతో పాటు దాచాను. జవాబు వస్తే ఈ సమీక్షలోనే చేరుస్తాను, రాకపోతే ఆ సంగతీ ఇక్కడే రాస్తాను.