శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్: మర్రిచెట్టు కోసం వెళ్తే మా ఊరే ఎదురొచ్చింది

కోల్‌కతా వెళ్ళిన మనవాళ్ళు చాలామంది కాళీఘాట్, విక్టోరియా మెమోరియల్, హౌరా బ్రిడ్జి చూసేసి రైలెక్కేస్తారు. మేమూ రెండుసార్లు అలాగే వచ్చేశాం. ఈసారి డిసెంబర్లో అమ్మని తీసుకెళ్ళాను, హుగ్లీ ఒడ్డున ఉన్న ఈ తోట కోసమే ఒక రోజు ఉంచుకున్నాం, ఇన్నాళ్ళూ ఎందుకు వదిలేశామా అని బాధేసింది.

1787లో ఈస్టిండియా కంపెనీ హయాంలో పెట్టిన తోట ఇది. ఇప్పుడు జగదీశ్ చంద్రబోస్ పేరు పెట్టారు గానీ బస్సుల వాళ్ళకి ఇప్పటికీ బి గార్డెనే. 109 హెక్టార్లు, అంటే దాదాపు 270 ఎకరాలు.

మాది సామర్లకోట. 1793లో ఈ తోట బాధ్యత తీసుకున్న వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ అంతకుముందు ఏళ్ళ తరబడి మా ఊళ్ళోనే ఉన్నాడు, అక్కడే మిరియాల తోట వేశాడు, మన చెట్ల పేర్లు తెలుగులో ఏమంటారో అడిగి మరీ రాసుకున్నాడు. సోమిద మాను శాస్త్రీయ నామం సోయ్‌మిడా కూడా మన మాటలోంచి వచ్చిందే. ఈ సంగతులు చదివి వెళ్ళాను కాబట్టి ఆయన పేరు కనిపించిన ప్రతిచోటా ఆగిపోయాను, అమ్మకి చెబితే "మన ఊరాయనేనా!" అంది.

ఇక పెద్ద మర్రి. వయసు 250 ఏళ్ళ పైనే. 1864లో, 1867లో వచ్చిన తుఫాన్లకి దెబ్బతిని, తర్వాత బూజు పట్టి మొదలు కుళ్ళిపోతే 1925లో దాన్ని కోసి తీసేశారు. అయినా చెట్టు బతికే ఉంది, మూడు వేలకు పైగా ఊడలు నేలలో దిగి వాటికవే మానులైపోయాయి. చుట్టూ 330 మీటర్ల దారి ఒకప్పుడు వేశారు, ఇప్పుడు చెట్టు దాన్ని కూడా దాటిపోయింది. కంచె బయటి నుంచే చూడాలి. గాల్లో వేలాడుతున్న లేత ఊడల్ని దగ్గర్నుంచి చూడండి, చివర పీచు పీచుగా, తడిగా, గోధుమరంగు కుచ్చులా ఉంటుంది, పక్కనే అలాంటిదే నేలకి తగిలి స్తంభమంత లావైపోయి ఉంటుంది. చిన్నప్పుడు ఊడలు పట్టుకుని ఊగిన అమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు, "మొదలే లేకుండా ఇంత చెట్టు ఎలా నిలబడిందిరా?" అని రెండుమూడుసార్లు అడిగింది. గంట పైనే ఉన్నాం, మీరు కూడా కనీసం అంత టైమ్ పెట్టుకోండి, ఫోటో దిగి వెళ్ళిపోవద్దు.

పిచ్చి చెట్టు అని ఒకటుంది, ఏ రెండు ఆకులూ ఒకలా ఉండవు. రాలిన ఆకులు ఒక పది ఏరి బెంచీ మీద పరిచి చూశాం, ఒకటి గుండ్రంగా, ఒకటి పక్కకి చీలి, ఒకటి ఎవరో కత్తిరించినట్టు, నిజంగానే జత దొరకలేదు. తాటి, ఈత, కొబ్బరి జాతుల కోసం పెద్ద పామ్ హౌస్ కూడా ఉంది, ఓపికుంటే చూడండి. 2020లో ఆంఫన్ తుఫానుకి ఇక్కడ చాలా చెట్లు కూలిపోయాయి, అది చదివినప్పుడు పోయిన చెట్లు తల్చుకుంటే మనసుకి కష్టంగా అనిపించింది.

మేం బుక్ చేసిన క్యాబ్ మూసేసిన గేటు దగ్గర దింపేసి వెళ్ళిపోయింది, ఎండలో అమ్మతో అంత దూరం నడవాల్సొచ్చి టెన్షన్ పడ్డాను. హౌరా స్టేషన్ నుంచి 55 నంబర్ బస్సు నయం. మన వైపు నుంచి వెళ్ళే రైళ్ళు కొన్ని షాలిమార్‌కే వెళ్తాయి, అక్కణ్ణుంచి తోట ఇంకా దగ్గర. పొద్దున్నే వెళ్ళండి, నీళ్ళు తీసుకెళ్ళండి, పెద్దవాళ్ళుంటే బ్యాటరీ బండి ఉందేమో గేటు దగ్గరే అడగండి. సోమవారం సెలవు.