నురగ కావాలా, జిడ్డు పోవాలా?
కఠిన జలంలో సబ్బు వాడితే బకెట్ అంచుకు తెల్లటి తెట్టు కడుతుంది. సబ్బు అణువు తలకు రుణావేశం ఉంటుంది, నీటిలోని కాల్షియం, మెగ్నీషియం దాన్ని పట్టేస్తాయి. నాన్-అయానిక్ సర్ఫాక్టెంట్‌కు (సబ్బులా జిడ్డు వదిలించే పదార్థాల్లో ఒక రకం) ఆ టెన్షన్ లేదు, దానికసలు ఆవేశమే ఉండదు. ఆల్కహాల్ ఇథాక్సిలేట్‌నే తీసుకోండి: ఒక కొస నూనెను, రెండో కొసనున్న ఇథిలీన్ ఆక్సైడ్ గొలుసు నీటిని పట్టుకుంటాయి. జిడ్డు మరకల దగ్గర నా ఓటు దీనికే. నురగ సాధారణంగా తక్కువ కాబట్టి వాషింగ్ మెషీన్‌కూ నప్పుతుంది. పురుగుమందుల ఎమల్షన్లలోనూ (నూనె, నీరు కలిపిన మిశ్రమాల్లోనూ) ఇదే కనిపిస్తుంది.

పేచీ ఒకటుంది. దీని ద్రావణం వేడెక్కుతుంటే ఒక దశలో పాలలా తెల్లబడుతుంది, అదే క్లౌడ్ పాయింట్. ఇథిలీన్ ఆక్సైడ్ గొలుసు పొడుగైతే ఆ ఉష్ణోగ్రత పెరుగుతుంది. షాంపూలో మాత్రం నురగ లేకపోతే ఎవరికీ నచ్చదు, అక్కడ రుణావేశపు రకానిదే రాజ్యం.