70 ఎం.ఎం. టెలిస్కోప్ రివ్యూ: గురుగ్రహం బానే కనబడింది, స్టాండే దండగ

క్రిస్మస్‌కి మా డాడీ బెంగళూరు వస్తున్నారని ఆన్‌లైన్‌లో ఒక టెలిస్కోప్ కొన్నా, ఏడున్నర వేలు పడింది. కంపెనీ పేరు చెప్పను, నా గొడవ వాళ్ళ కస్టమర్ కేర్‌తో ఇంకా నడుస్తానే ఉంది. 70 మిల్లీమీటర్ల లెన్స్, ఫోకల్ లెంగ్త్ (లెన్స్ నుంచి బొమ్మ పడే చోటుకి దూరం) 700, ఐపీస్‌లు, అంటే కన్ను పెట్టి చూసే చిన్న గొట్టాలు, రెండు, 25, 10, అన్నీ మిల్లీమీటర్లే. 700ని ఐపీస్ నంబర్‌తో భాగిస్తే ఎన్ని రెట్లు పెద్దగా కనబడుద్దో తెలిసిపోద్ది, అంటే 28, 70. డబ్బా మీద 300 రెట్లు అని వేశారు, నమ్మకండి, ఈ సైజు లెన్స్‌కి 140 దాటితే అంతా మసకే.

డబ్బా విప్పితే ఫైండర్, అదే గురి చూసుకునే బుల్లి దుర్భిణి, దాన్ని బిగించే స్క్రూ లేదు. ఫోన్ చేస్తే టికెట్ రైజ్ చేశాం అన్నారు, చేస్తానే ఉన్నారు, నేను కూరగాయలకొచ్చిన రబ్బరు బ్యాండ్‌తో కట్టేశా. ఇంక స్టాండ్ సంగతి, పక్కన తుమ్మినా ఊగుద్ది, మధ్యలో ట్రే కింద రెండు కిలోల బియ్యం సంచి వేలాడదీస్తే కాస్త కుదురుకుంది.

మా డాడీ పాస్టర్, చీరాల దగ్గర పల్లెటూరు, రిటైరై నాలుగేళ్ళయినా ఊళ్ళో ఇప్పటికీ అయ్యగారే. రాత్రి తొమ్మిదింటికి కగ్గదాసపురలో మా టెర్రస్ మీదకి తీసుకెళ్ళా. తీరా చూస్తే మేమే కట్టిన క్రిస్మస్ స్టార్ బల్బు వెలుగు కళ్ళల్లో కొడతంది. ఆ స్టార్ ఆపేయ్ రా, అసలు చుక్కలు కనబడనీ, అన్నారు. ఆపేశా. 25 ఐపీస్ పెట్టి గురుగ్రహం మీదకి తిప్పితే శనగబద్దంత గుండ్రంగా తెల్లగా ఉంది, పక్కన గీత గీసినట్టు మూడు చుక్కలు, గురుగ్రహం చంద్రుళ్ళు అవి. డాడీ చాలాసేపు కన్ను తియ్యలేదు, తర్వాత ప్రసంగాలు రాసుకునే డైరీ తెప్పించుకుని చివరి పేజీలో ఒక సున్నా చుట్టి అటొకటి ఇటు రెండు చుక్కలు పెట్టుకున్నారు. మర్నాడు చూస్తే నాలుగున్నాయి, చోట్లు కూడా మారిపోయినయ్.

1610 జనవరి 7న గెలీలియోకి కనబడినవీ మూడే, నాలుగోది వారం తిరక్కముందే దొరికింది. ఆయనది దాదాపు 20 రెట్లు చూపించే గొట్టం, నా ఏడున్నర వేల సరుకు దానికన్నా నయం. ఆ చుక్కలు గురుగ్రహం చుట్టూ తిరుగుతున్నాయంటే ఆకాశంలో ప్రతిదీ భూమి చుట్టూనే తిరగాలనే లెక్క తప్పినట్టేగా, అక్కడ మొదలైంది గోల.

10 ఐపీస్ పెడితే ఇంకో తలనొప్పి, రెండు మూడు నిమిషాల్లో గ్రహం పక్కకి జారిపోద్ది, మళ్ళీ వెతుక్కోవాలి. మూడోసారి జారేసరికి డాడీ, బైబిల్లో యెహోషువ సూర్యుణ్ణే ఆపాడు, నువ్వు గురుగ్రహాన్ని ఆపలేవా అని నవ్వారు. కదిలేది అది కాదు డాడీ, తిరిగేది మనం అన్నా. తెలుసులేరా, టెన్త్ నేనూ చదివా అన్నారు. తమాషా ఏంటంటే అప్పట్లో గెలీలియో మీదకి తెచ్చిన వాక్యం కూడా ఆ యెహోషువదే, 1615లో ఆయన రాసిన పెద్ద ఉత్తరంలో దానికి జవాబు చెప్పుకోవాల్సొచ్చింది.

చర్చివాళ్ళు గెలీలియో టెలిస్కోప్‌లో చూడనే చూడం అన్నారని మా ఆఫీసులో ఒకడు తెగ చెప్తాడు. చూడనన్నది క్రెమొనీని, పాదువాలో ఫిలాసఫీ ప్రొఫెసర్, అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయన్న అరిస్టాటిల్ మనిషి, గెలీలియోకి ఫ్రెండ్ కూడా. రోమ్‌లో జెసూట్ (కాథలిక్ ఫాదర్ల సంఘం) ఖగోళవేత్తలు చూశారు, 1611లో అవును ఉన్నాయని ఒప్పుకున్నారు. అలాగని చర్చిని వెనకేసుకు రావట్లేదు, 1633లో భూమి తిరుగుతుందన్నందుకు ముసలి గెలీలియో చేత మోకాళ్ళ మీద తప్పయిందనిపించి, 1642లో పోయేదాకా ఇంట్లోనే కట్టడి చేసింది వీళ్ళే, జరిగింది పొరపాటని పోప్ బాహాటంగా చెప్పేసరికి 1992 అయింది.

నాకు ఇంకా ఒళ్ళు మండేది మన గ్రూపుల్లో తిరిగే సైన్స్ బైబిల్‌ని రుజువు చేసింది అనే ఫార్వర్డ్‌లు. విశ్వం ఎలా మొదలైందో చెప్పే బిగ్ బ్యాంగ్ ఆలోచనకి మూలపురుషుడు లెమెత్ర్ స్వయంగా కాథలిక్ ఫాదర్, 1951లో పోప్ ఆ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంలా మాట్లాడితే ఆయనకే నచ్చలేదు. రేపు సిద్ధాంతం మారితే విశ్వాసాన్ని కూడా మార్చుకుంటామా? ఇది డాడీతో అంటే తల ఊపారు, కానీ ఆదికాండంలో ఆరు దినాలంటే ఆరు దినాలే అన్నారు. తొలినాళ్ళ చర్చి పండితుడు అగస్టీన్ అంతటాయనే 1,600 ఏళ్ళ కిందటే అవి మన మామూలు రోజులు కావన్నాడు కదా అన్నా. అగస్టీన్‌కి నువ్వు పాఠం చెప్పావా, పద, చలిగా ఉంది అని కిందికి దిగిపోయారు. గొడవ అక్కడే ఉంది, మర్నాడు మాత్రం ఎనిమిదింటికే పైకెళ్ళి కూర్చున్నారు.

కొనాలనుకునేవాళ్ళకి రెండు మాటలు. బెంగళూరు ఆకాశంలో చంద్రుడు, గురుడు, శని తప్ప పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, శని వలయం ఉందని తెలుస్తుంది అంతే. పగలు సూర్యుడి వైపు పొరపాటున కూడా తిప్పొద్దు, సరైన సోలార్ ఫిల్టర్ లేకుండా చూస్తే కన్ను పోద్ది. లెన్స్‌కి ఐదుకి నాలుగిస్తా, స్టాండ్‌కి ఒకటి.

డాడీ వెళ్ళేటప్పుడు టెలిస్కోప్ కూడా కావాలన్నారు, అక్కడ చీకటెక్కువ, సండే స్కూల్ పిల్లలకి చూపిస్తారంట. దుప్పట్లో చుట్టి బస్సు పార్సిల్‌లో వేశా, బియ్యం సంచి మాత్రం మీ ఊళ్ళోనే కట్టుకో అన్నా. స్క్రూ ఇంకా రాలేదు.