మిటుటోయో 25-50 మి.మీ. డిజిటల్ మైక్రోమీటర్: ఏడాదిగా రోజూ వాడుతున్నాక

ఒంగోలులో మాది చిన్న లేత్ షాపు. మిషన్ మీద మా ఆయన, చెకింగ్ నేను. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల పాలిషింగ్ మిషన్లకి షాఫ్టులు ఎక్కువగా చేస్తాం. నేను కొలిచి సరే అన్నాకే ఏ జాబ్ అయినా షాపు గడప దాటుతుంది.

పోయిన మే నెలలో 6306 బేరింగ్ కూర్చునే షాఫ్టులు పన్నెండు పంపితే ఐదు వెనక్కి వచ్చాయి. బేరింగ్ లోపలి రేసు (లోపలి రింగు) షాఫ్టు మీదే తిరిగిపోయి, ఆ చోటంతా అద్దంలా నున్నగా అరిగింది. ఫ్యాక్టరీ మేస్త్రి కోప్పడలేదు. కొత్త బేరింగ్ తీసి, "చూడమ్మా, చేత్తో తోస్తే దిగిపోతోంది" అని చూపించాడు. ఆ ఐదూ నేను సరే అన్నవే. రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ బేరింగ్ లోపలి సైజు 30 మి.మీ. బేరింగ్ బిగువుగా కూర్చోవాలని షాఫ్టుకి మేం పట్టేది కె6 టాలరెన్స్ (సైజులో ఉండొచ్చనే హద్దు), అంటే 30.002 నుంచి 30.015 లోపల ఉండాలి. మొత్తం 13 మైక్రాన్ల జాగా, మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు. షాఫ్టు మందం కొలిచే నా పాత మైక్రోమీటర్‌లో ఒక్క గీతే 10 మైక్రాన్లు. గీతకీ గీతకీ మధ్య ఇన్నాళ్లూ కంటి అంచనాతోనే చూస్తూ వచ్చాను. అందుకే ఖరీదు ఎక్కువైనా ఒక్క మైక్రాన్ వరకూ చూపించే ఇది కొన్నాం.

అసలు తప్పు ఎక్కడుందో ఇది వచ్చిన మొదటి వారంలోనే తెలిసింది. ఎమరీ పట్టి సైజుకి తెచ్చి, అప్పుడే లేత్ మీద నుంచి దింపిన షాఫ్టు, పట్టుకుంటే చుర్రుమంటోంది. కొలిస్తే 30.009. బాగుందనుకుని బల్ల మీద పెట్టి, అన్నం తిని వచ్చి మళ్ళీ కొలిచాను. 29.999! ఉక్కు మీటరు పొడవుకి ఒక్కో డిగ్రీకి పదకొండు, పన్నెండు మైక్రాన్లు సాగుతుంది. 30 మి.మీ. షాఫ్టు 30 డిగ్రీలు వేడెక్కితే పది మైక్రాన్లు లావుగా కనిపిస్తుంది. ఆ ఐదు షాఫ్టులూ నేను వేడి మీద కొలిచి పంపినవి.

కొలతలకి ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. ఒంగోలు మే నెలలో అది ఎక్కడిది? కానీ ఏసీ గది లేదని దిగులు పడక్కర్లేదు. షాఫ్టు, బేరింగ్, మైక్రోమీటర్‌ని సరిచూసుకోడానికి దాంతో వచ్చే 25 మి.మీ. స్టాండర్డ్ రాడ్ మూడూ ఉక్కువే. ఒకే బల్ల మీద గంటసేపు పక్కపక్కన ఉంచితే అన్నీ ఒకేలా సాగుతాయి. ఆ రాడ్‌తో సెట్ చేసుకుని కొలిస్తే తేడా దాదాపు పోతుంది.

చేతిలో చక్కగా ఒదుగుతుంది. ఒంటి వేడి తగలకుండా ఫ్రేమ్‌కి ప్లాస్టిక్ తొడుగు ఉంది, అక్కడే పట్టుకోండి. చివర తిప్పే రాట్చెట్ మూడుసార్లు టిక్ టిక్ టిక్ అనాలి, అంతకన్నా బిగించకూడదు. మా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు మొదట్లో సి-క్లాంపులా బిగించేవాడు. వాడు కొలిస్తే ఒకటి, నేను కొలిస్తే ఇంకొకటి. ఇప్పుడు మా ఇద్దరి రీడింగులకీ తేడా ఒక మైక్రాన్ దాటడం లేదు. బేరింగ్ సీటు మీద మూడు చోట్ల, ప్రతి చోటా షాఫ్టు తిప్పి రెండు వైపులా, మొత్తం ఆరు రీడింగులు రాస్తాం. టేపర్ (ఒక చివర లావు, ఒక చివర సన్నం) ఉన్నా, కోడిగుడ్డులా ఉన్నా దొరికిపోతుంది.

ఒకటి మాత్రం దొరకదు. సెంటర్‌లెస్ గ్రైండింగ్‌లో (షాఫ్టుని చివర్ల దగ్గర పట్టకుండా రెండు చక్రాల మధ్య సానపట్టడం) ఒక్కోసారి షాఫ్టుకి మూడు వైపులా ఉబ్బు వస్తుంది. ఏ మైక్రోమీటర్ అయినా ఎదురెదురు రెండు చోట్లే తాకుతుంది కాబట్టి, ఎటు తిప్పినా ఒకే సైజు చూపిస్తుంది. దానికి షాఫ్టుని కూర్చోబెట్టే వి ఆకారపు దిమ్మ (వి-బ్లాక్), పైన ఎత్తుపల్లాలు ముల్లుతో చూపించే డయల్ గేజ్ ఉండాల్సిందే.

బ్యాటరీ ఎస్ఆర్44, ఒకటి అదనంగా కొనిపెట్టుకోండి. ఇక కొట్లోనే పెట్టె మూత తీసి, ఆ స్టాండర్డ్ రాడ్ లోపల ఉందో లేదో చూసుకున్నాకే డబ్బు కట్టండి.