ఈసీజీ సిమ్యులేటర్‌కి పీడబ్ల్యూఎం చాలా, డాక్ కావాలా?

ఫైనలియర్ ప్రాజెక్టుల కాలం వచ్చిందంటే చాలు, ఇదే ప్రశ్న: "సార్, గుండె సిగ్నల్‌ని అనుకరించి పేషెంట్ మానిటర్ని పరీక్షించే బుల్లి పెట్టె (ఈసీజీ సిమ్యులేటర్) చేస్తున్నాం. ఆర్డునో ఊనో బోర్డులో ఉన్న పీడబ్ల్యూఎంతోనే కానిచ్చెయ్యొచ్చా, విడిగా డాక్ చిప్ కొనాలా?" పీడబ్ల్యూఎం అంటే వోల్టేజీని వేగంగా ఆన్-ఆఫ్ చేసి సగటున కావాల్సినంత తెప్పించడం. డాక్ అంటే అంకెను నేరుగా వోల్టేజీగా మార్చే చిప్. ఈమధ్యే నా టెస్టర్‌ని మళ్లీ కట్టుకున్నాను. రెండూ వాడి చూశాను కాబట్టి చెబుతున్నా.

మానిటర్‌కి కావాల్సిన ఆర్ శిఖరం (ఈసీజీ గీతలో ఎత్తైన మొన) సుమారు 1 మిల్లీవోల్టు. బోర్డు ఇచ్చేది 5 వోల్టులు. 100 కిలోఓమ్స్, 100 ఓమ్స్ రెసిస్టర్ల జతతో వెయ్యో వంతుకి దించుతాం. ఇది ఎలాగూ తప్పదు.

పీడబ్ల్యూఎంతో చేసేవాళ్లలో చాలామంది ఒకే గుంటలో పడతారు. ఊనోలో చాలా పిన్నుల మీద మామూలుగా వచ్చే పీడబ్ల్యూఎం 490 హెర్ట్జ్. దాన్ని నున్నగా చెయ్యడానికి 10 కిలోఓమ్స్, 0.1 మైక్రోఫారడ్ ఫిల్టర్ పెడితే ఆన్-ఆఫ్ అలజడిలో మూడో వంతు అలాగే బయటికొస్తుంది. వెయ్యో వంతుకి దించాక కూడా అది దాదాపు 1 మిల్లీవోల్టు, అంటే ఆర్ శిఖరమంత! తమాషా ఏంటంటే, 40 హెర్ట్జ్ పైనున్నవాటిని కోసేసే మానిటర్ మోడ్‌లో ఇది పెద్దగా కనబడదు. 150 హెర్ట్జ్ డయాగ్నస్టిక్ మోడ్‌లోకి మార్చండి, గీత మోకులా లావెక్కుతుంది. టైమర్ని సరిచేసి 62.5 కిలోహెర్ట్జ్‌కి తీసుకెళ్తే ఈ గొడవ చాలావరకు పోతుంది. మిగిలేది 8 బిట్ల (అంటే 256 మెట్ల) ఇబ్బంది: ఒక్కో మెట్టు 20 మైక్రోవోల్టులు, అంటే ఆర్ శిఖరానికి ముందొచ్చే చిన్న అల, 0.1 మిల్లీవోల్టు పీ తరంగానికి అయిదే మెట్లు.

ఎంసీపీ4725 డాక్ 12 బిట్లది. అదే రెసిస్టర్లతో మెట్టు 1.2 మైక్రోవోల్టులకు దిగుతుంది. దీనికీ ఓ తిరకాసు ఉంది. ప్రతి శాంపిల్‌నీ (గీతలోని ఒక్కో బిందువునీ) చిప్‌లోని ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరగని మెమరీలో కూడా రాయించే కమాండ్ వాడకండి. ఒక్కో రాతకు 25 మిల్లీసెకన్లు పడుతుంది. మా కుర్రాడొకడు 72 కొట్టుకోవాల్సిన గుండెని నిమిషానికి ఎనిమిదికి దించి, తప్పు ఎక్కడుందో తెలీక రెండ్రోజులు తల పట్టుకున్నాడు.

నా ఓటు డాక్‌కే. నునుపైన గీత కోసం కాదు, అనుమానం తీరడం కోసం. ఓసారి రిపేరుకొచ్చిన మానిటర్లో పీ తరంగం మెట్లుమెట్లుగా కనబడింది. సిగ్నల్ అందుకునే ముందుభాగం బోర్డు విప్పి మధ్యాహ్నమంతా వెతికాను. ఆ మెట్లు నా పీడబ్ల్యూఎం పెట్టెవి! ఎదుటి మెషీన్‌లో తప్పు పట్టాల్సిన పరికరం మీదే నమ్మకం లేకపోతే అది జేబులో ఉండీ దండగ. తరగతిలో డెమోకైతే పీడబ్ల్యూఎం చాలు.

ఇక 555 టైమర్, 4017 కౌంటర్ ఐసీలతో కట్టేవి హార్ట్‌రేట్ అలారం చూసుకోవడానికి పనికొస్తాయి, అంతే. ఈఎస్‌పీ32 బోర్డులో డాక్ ఉంది కానీ అదీ 8 బిట్లే.

ఏది కట్టినా బ్యాటరీ మీదే నడపండి. చార్జింగ్‌లో ఉన్న ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ తీస్తే 50 హెర్ట్జ్ హమ్ (ఇంటి కరెంటు రొద) కూడా వెంటపడుతుంది. లీడ్లు తగిలించడానికి ఎలక్ట్రోడ్ల నుంచి ఊడదీసిన టిచ్ బటన్లు చాలు. పవర్ బ్యాంక్ మాత్రం వద్దు. ఇంత తక్కువ కరెంటు లాగితే చాలా పవర్ బ్యాంకులు ఫోన్ చార్జింగ్ అయిపోయిందనుకుని ఆగిపోతాయి. మానిటరేమో గుండె ఆగిందని అలారం కొడుతుంది. పాపం, అది తన పని సరిగ్గానే చేస్తోంది.