ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ల అదుపు: ఒక్కసారిగా ఆదేశమా, అంచెలంచెల చక్రమా – ఏది మేలు?

ఆసుపత్రిలో చేరిన తరువాత రోగులకు సోకే ఇన్‌ఫెక్షన్లను తగ్గించడానికి రెండు దారులున్నాయి. మొదటిది, కమిటీ ఖరారు చేసిన నియమాలను సర్క్యులర్ ద్వారా అన్ని వార్డులలో ఒకే రోజున అమలులోకి తెచ్చి, ఆపై ఆడిట్ జరిపించడం. రెండవది, ప్రణాళిక, ఆచరణ, అధ్యయనం, సవరణ అనే నాలుగు దశల పీడీఎస్ఏ (ప్లాన్, డూ, స్టడీ, యాక్ట్) చక్రం. అంటే మార్పును ముందు ఒకే వార్డులో, కొద్దిమంది రోగుల విషయంలో చేసి చూసి, సరిదిద్దుకుంటూ విస్తరించడం. కర్మాగారాల నాణ్యత కోసం అమెరికా గణాంక నిపుణుడు వాల్టర్ షూహార్ట్ చేసిన ఆలోచనను మరో నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ పెంపొందించగా, అది తరువాత వైద్యరంగానికీ వచ్చింది.

ఆదేశానికి వేగమే బలం. ఐసీయూలో మొండి బ్యాక్టీరియా ఒకరి నుంచి ఒకరికి పాకుతున్నప్పుడు గానీ, ఆపరేషన్ పరికరాలను శుద్ధి చేసే ఆటోక్లేవ్ సరిగా పనిచేయనప్పుడు గానీ ‘ముందు ఒకచోట చేసి చూద్దాం’ అనడం అవివేకం. అయితే ఆదేశం ఫలితమిచ్చినంత మాత్రాన మనసులను ఒప్పించగలదని అనుకోరాదు. 1847లో వియన్నా ప్రసూతి విభాగంలో, వైద్యులు క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కోవాలని అక్కడి వైద్యుడు సెమ్మెల్‌వైస్ పట్టుబట్టాక, ఏప్రిల్‌లో 18 శాతం దాకా ఉన్న బాలింతల మరణాలు కొద్ది నెలలలోనే 2 శాతం ప్రాంతానికి దిగాయి. అయినా నాటి వైద్యులలో చాలామంది ఆయన మాటను అంగీకరించలేదు.

చక్రం బలమంతా ‘ఎలా చేయాలి’ అన్న దగ్గర కనిపిస్తుంది. యూరిన్ పైపును అవసరం తీరిన వెంటనే తీసేయాలని అందరికీ తెలుసు, కానీ ఆ సంగతి ఎవరు, ఎప్పుడు అడగాలో సర్క్యులర్ చెప్పదు. ఒక ఉదయం ఒక నర్సు, రౌండ్స్‌లో ‘ఈ పైపు ఇంకా కావాలా?’ అని ఇద్దరు రోగుల విషయంలో డాక్టరును అడుగుతుందనుకుందాం. రౌండ్స్ హడావుడిలో ప్రశ్న మరుగున పడుతోందని తేలితే, మరునాడు దానిని కేస్‌షీట్ మొదటి పేజీకి మార్చవచ్చు. అదీ చాలకపోతే, ముందే రాసిపెట్టిన షరతులను బట్టి నర్సే పైపు తీసేసే ఏర్పాటును పరీక్షించవచ్చు. ఇన్ని లోపాలు ఏ కమిటీ గదిలోనూ ముందుగా కనిపించవు.

దీని ఇబ్బందులు దీనికీ ఉన్నాయి. అధ్యయన దశను వదిలేసి నాలుగు గడులూ నింపిన కాగితాన్నే చక్రమని చూపడం అన్నిచోట్లా ఉన్న జాడ్యం. పైగా చిన్న వార్డులో ఒక నెల ఇన్‌ఫెక్షన్ లేకపోవడం కేవలం యాదృచ్ఛికం కావచ్చు కనుక, వెయ్యి కాథెటర్ రోజులకు (ఒక రోగికి పైపు ఒక రోజు ఉంటే అది ఒక కాథెటర్ రోజు) ఎన్ని ఇన్‌ఫెక్షన్లు అన్న లెక్కతో పాటు, పైపు సకాలంలో తీశారా అన్నదీ రన్ చార్టులో, అంటే కాలక్రమంలో మార్పును చూపే గ్రాఫులో, వారం వారం గుర్తించాలి.

2006లో వెలువడిన అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర ఐసీయూల అధ్యయనం ఆదేశాన్నీ చక్రాన్నీ కలిపితే ఏమవుతుందో చూపింది. చేతుల శుభ్రత, క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారక ద్రావణంతో చర్మశుద్ధి, అనవసర కాథెటర్ల (ఇక్కడ పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టాలు, అంటే సెంట్రల్ లైన్లు) తొలగింపు వంటి 5 నియమాలు అందరికీ ఒకటే. వాటికి తోడు చెక్‌లిస్టు, సామగ్రి బండి, నియమం తప్పితే పనిని ఆపించే వీలు, ఎప్పటికప్పుడు ఫలితాల సమాచారం కల్పించారు. 103 ఐసీయూలలో సెంట్రల్ లైన్ రక్త ఇన్‌ఫెక్షన్ల మధ్యగత రేటు (ఐసీయూల రేట్లను వరుసగా పేరిస్తే నడుమ వచ్చేది) వెయ్యి కాథెటర్ రోజులకు 2.7 నుంచి 3 నెలలలోనే సున్నాకు చేరింది.

కాబట్టి రుజువైన నియమాన్ని ఆదేశంగానే ఇవ్వాలి, దాని ఆచరణను మాత్రం చక్రానికి వదలాలి. రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వస్తే, చేతుల శుభ్రతకూ కాథెటర్లకూ నా ఓటు చక్రానికే. కానీ సిబ్బంది తరచూ మారిపోయే వార్డులో నిన్నటి పాఠం నేడు ఎవరికీ గుర్తుండదు కనుక, అక్కడ ముందు డ్యూటీలను స్థిరపరచి, అందాకా ఆదేశంతోనే నెట్టుకురావాలి.