ఇంటి ఈతకొలనుకు ఏది మేలు: నేలకింద పైపులా, గట్టుకు తగిలించే ఫిల్టరా?

హసన్‌పర్తిలో మా చిన్నాన్న ఇంటి వెనుక కొలను కట్టిస్తున్నారు. 20 అడుగుల పొడవు, 10 వెడల్పు, 4 లోతు. దాదాపు 22,600 లీటర్లు పడతాయి. పైపులు వేసి పంపు గది కట్టాలా, గట్టుకు తగిలించే పైపుల్లేని ఫిల్టరు కొనాలా అన్నది ఆయన సందేహం.

రెండోది తీసిపారేయదగింది కాదు. రాయి తగిలే నేలలో కందకం తవ్వే శ్రమ తప్పుతుంది, నేలకింద లీకేజీ భయం ఉండదు. అయితే మోటారూ దాని తీగా నీటి అంచునే ఉంటాయి. చెడిపోతే విడిభాగాల కోసం అమ్మినవారి చుట్టూ తిరగాలి. మామూలు పంపు కాలితే వరంగల్‌లో వైండింగ్ చేసేవారికి కొదవలేదు. ఇప్పటికే ఉన్న తొట్టికైతే గట్టు ఫిల్టరు సరే. కొత్తగా తవ్వేదానికి నా ఓటు పైపులకే.

పైపుల్లో 50 మిల్లీమీటర్లదా, 63దా? గంటకు 10 వేల లీటర్లు తోడే పంపుకు 50 పైపులో నీరు సెకనుకు ఒకటిన్నర మీటర్లు దాటి పరుగెడుతుంది. పీల్చే వైపు అంత వేగం పనికిరాదు, మోటారుకు భారం. 63 తీసుకోండి. రేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది కాబట్టి పైపు చుట్టూ ఇసుక నింపాలి. అడుగున నీరు లాగే జాలీ ఒక్కటే ఉంటే పిల్లల జుట్టో చెయ్యో దానికి అతుక్కుపోయే ప్రమాదం ఉంది. కనీసం 3 అడుగుల దూరంలో రెండు పెట్టి ఒకే పైపుకు కలపాలి. ఒకటి మూసుకుపోయినా రెండోది నీరిస్తుంది.

నీటిలోపలి దీపం విషయంలో బేరమే వద్దు: 230 వోల్టులది కాదు, 12 వోల్టులదే. 50 వాట్ల దీపం 12 వోల్టుల మీద 4 ఆంపియర్లకు పైగా లాగుతుంది కనుక తీగ లావుగా ఉండాలి. ఆ ఖర్చు భరించవలసిందే. ట్రాన్స్‌ఫార్మరు, ప్లగ్గులు నీటి అంచుకు మూడున్నర మీటర్ల అవతల ఉండాలి. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు, అంటే ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లదే కావాలి. 300ది మంటల నుంచి కాపాడేందుకే, మనిషి ప్రాణానికి కాదు.

చాలామంది మరిచిపోయేది మరొకటుంది. కాంక్రీటులోని ఇనుప కడ్డీలు, నిచ్చెన, పంపు లోహపు భాగాలు అన్నింటినీ రాగి తీగతో కలిపి ఎర్తింగుకు చేర్చాలి. కాంక్రీటు పడ్డాక కడ్డీలను అందుకోవడానికి దారే ఉండదు.

నిన్న చిన్నాన్న పైపుల కొసలు బిగించి, నీరు నింపి, ప్రెషర్ గేజి పెట్టించారు. ఒక అతుకు దగ్గర సన్నటి తడి కనిపించింది. కోసి, కొత్త కప్లింగ్ అతికించారు. రేపటిదాకా ముల్లు కదలకపోతేనే కాంక్రీటు.